సర్వీసు హోల్డరు విశ్వపతిగారి సంతృప్తి

మా ఇంటి ఓనరు భీమశంకరంగారు అద్దెకున్నవాళ్ల బాగు కోరే మనిషి. ఈ మాట ఆయనే చాలాసార్లు చెప్పారు. వానాకాలం మొదట్లో మా వంటింటి కప్పు కారుతోందని చెబితే ఆయన మొహం ఎంత దిగాలుగా పెట్టారంటే, చెప్పినందుకు నాకే సిగ్గేసింది. "అయ్యో మాస్టారూ, మీకు కష్టమొస్తే నేను ఊరుకుంటానా!" అన్నారు. చలికాలం వచ్చేదాకా ఊరుకుని, ఆ తరవాత ఒకనాడు పొద్దున్నే మేడమీద పని మొదలుపెట్టించారు.

పని మొదలైన సంగతి మాకు చప్పుడు వల్ల తెలియలేదు. వంటింటి కిటికీలోంచి పసుప్పచ్చ వైరొకటి దిగుతూ వచ్చి మా ఆవిడ హైమ నెత్తికి తగలడం వల్ల తెలిసింది. వైరు వెనకే మేస్త్రీ గొంతు కూడా దిగింది. "అమ్మగారూ, కాస్త ఆ కొస మీ ప్లగ్గులో పెట్టండమ్మా!" హైమ పెట్టింది. ఎవరేం అడిగినా ముందు చేసేసి తరవాత ఆలోచించడం మా ఇద్దరికీ ఉన్న జబ్బు.

తరవాత ఆలోచించి, నేను మేడెక్కి భీమశంకరంగారిని అడిగాను. నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టారిని. గొంతు పెంచి అడగడం చేతకాదు.

"మేడమీద వైరింగంతా పీకించేశాం కదండీ మాస్టారూ. మా మీటరుకి పని లేదు," అన్నారాయన. "అయినా ఇదెవరి కోసం? మీ కప్పు బాగుచెయ్యడానికే కదా? మీ కప్పుకి మీ కరెంటు కాకపోతే ఎవరి కరెంటు వాడతామండీ?"

"మీరు గచ్చు మీద పాలరాళ్లు పరిపిస్తున్నారు కదండీ," అన్నాను.

"మా గచ్చే కదండీ మీ కప్పు!"

నేను కిందకి చూశాను. నిజమే. ఒకే పలకకి పైనుంచి చూస్తే ఒక ముఖం, కిందనుంచి చూస్తే ఒక ముఖం ఉంటాయని నేనే పిల్లలకి బోర్డు మీద గీసి చూపిస్తుంటాను. కాదనలేక దిగొచ్చాను.

మా కప్పు బాగు అక్కడితో ఆగలేదు. వంటింటి మీది రాళ్లయ్యాక హాల్లో రాళ్లు పరిచారు. కప్పన్నాక అంతా ఒకటే కప్పు. హాలయ్యాక మెట్లకి ఇనప కమ్మీలు వెల్డింగు చేయించారు. మెట్లు లేకపోతే మా కప్పు మీదకి మేస్త్రీ ఎలా ఎక్కుతాడు? ఆ తరవాత దేవుడి గదికి టేకు గుమ్మం, చెక్కడాలతో సహా, మా కరెంటు మీదే చిత్రిక పట్టారు. దేవుడు మా కప్పు మీదే కూర్చుంటాడు కనక ఆయన రక్షణ ముందు మాకే అందుతుంది. సిమెంటు కలపడానికి నీళ్లు మా మోటారే తోడింది. ఇంత జరిగినా వంటింట్లో కారే చోట మాత్రం ఇంకా కారుతూనే ఉంది. "దాని పని చివర్న, తీరిగ్గా చేయిద్దాం," అన్నారు భీమశంకరంగారు.

ఇందులో నాకు పోయేది బిల్లు ఒక్కటే అయితే ఈ కథ చెప్పేవాణ్ని కాదు. హైమ దోసెలపిండి రుబ్బి అమ్ముతుంది. పుట్టింటివాళ్లు పెట్టిన దుద్దులు ఇచ్చేసి పెద్ద గ్రైండరు కొనుక్కుంది. వీధిలోవాళ్లు గిన్నెలు పట్టుకుని వస్తారు గానీ, అసలు బేరం కాలవగట్టు మీద టిఫిను సెంటరు నడిపే ఏసుపాదానిది. సాయంత్రానికి ఆయన బకెట్లు నిండాలి. నా జీతం నెల సగంలో అలిసిపోతే, మిగతా సగం ఆ బకెట్లే లాక్కొచ్చేవి.

పైన రాళ్లు కోసే మిషను తిప్పితే కింద గ్రైండరు ఆగిపోయేది. రెండూ ఒకేసారి తిరిగేసరికి వసారాలో మీటరు పక్కన ఉన్న ఫ్యూజు పేలిపోయేది. నేను కుర్చీ ఎక్కి తీగ చుట్టేవాణ్ని. అది మళ్లీ పేలేది. ఒకరోజు సగం నలిగిన పిండి వేడెక్కి పులిసి, హైమ మొత్తం తీసుకెళ్లి కాలవలో పారబోసింది. ఏడవలేదు. గిన్నె కడిగి బోర్లించి, దాని పక్కనే గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడ్చినా బాగుండేదనిపించింది నాకు.

మర్నాడు ఏసుపాదం స్వయంగా వచ్చాడు. "అమ్మా, నీ పిండిలాంటి పిండి ఊళ్లో లేదు. ఒట్టేసి చెబుతాను. కానీ పొద్దున్నే అట్టడిగినోడికి నేను కరెంటు కథ చెప్పలేను గదా. ఇంకొక్క రోజు పిండి తప్పిందంటే, ఏమీ అనుకోకమ్మా, పక్కూరి నించి తెప్పించుకుంటాను," అని మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

"ఏవండీ, ఆ ప్లగ్గు పీకి కిటికీలోంచి బయట పారేస్తాను," అంది హైమ.

"తప్పు. మనం చదువుకున్నవాళ్లం. దేనికైనా ఒక పద్ధతి ఉంటుంది. కరెంటాఫీసుంది, అధికారులున్నారు," అన్నాను నేను. ఇంత గొప్ప సలహా ఇచ్చిన నన్ను హైమ ఎగాదిగా చూసి పప్పు నానబోయడానికి వెళ్లింది.

కరెంటాఫీసుకి మామిడాకుల తోరణాలు కట్టి ఉన్నాయి. గుమ్మం మీద పెద్ద గుడ్డ: 'సంతృప్తి పక్షోత్సవాలు. మీ చిరునవ్వే మా వెలుగు.' లోపల గోడ నిండా నవ్వుతున్న వినియోగదారుల ఫొటోలు. నవ్వుతున్నవాళ్లలో సగంమంది ఆఫీసు సిబ్బందే. పక్షోత్సవాల కోసమని కొత్తగా సృష్టించిన కుర్చీలో సంతృప్తి అధికారి కోదండపాణిగారు కూర్చున్నారు. మెళ్లో కండువా కూడా ఉంది.

నేను చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు. "మీ ఫిర్యాదు మాకు అమితానందం కలిగించింది. అసంతృప్తి లేనిదే సంతృప్తి కలుగజేయుట ఎట్లు? మీ కరెంటు సర్వీసు ఎవరి పేర ఉన్నది?"

"చెరుకుమిల్లి విశ్వపతిగారి పేరండీ. మా ఓనరుగారి నాన్నగారు."

"వారు రాలేదేం?"

"వారు కాలం చేశారండీ. చాలా ఏళ్లయింది."

కోదండపాణిగారు రెండు చెవులూ మూసుకున్నారు. "ఆ మాట ఈ గదిలో అనకండి! సర్వీసు హోల్డరు మరణించినట్లు కార్యాలయపు దృష్టికి వచ్చినచో సదరు సర్వీసును తక్షణమే తొలగించవలసి ఉంటుంది. వారసులందరూ ఏకగ్రీవంగా వచ్చి పేరు మార్పించుకొనువరకు మీ ఇంట దీపం వెలగదు. మీరు అనలేదు. నేను వినలేదు."

నేను అనలేదని ఒప్పుకున్నాను.

"పైగా," అన్నారాయన కొంచెం తేరుకుని, "ప్రతి నెలా బిల్లు గడువులోగా చెల్లుచున్నది. మరణించినవారు బిల్లు చెల్లింతురా?"

"చెల్లిస్తున్నది నేనండీ."

"మీ చేతిద్వారా వారు చెల్లిస్తున్నారు. విశ్వపతిగారు మా రికార్డులలో ఆదర్శ వినియోగదారులు. ఇక తండ్రిగారి కరెంటును కుమారుడు వాడుకొనుట వారి కుటుంబ వ్యవహారం. మధ్యలో మీరెవరు?"

ఈ ప్రశ్న మీద నాకు చాలా కోపం వచ్చింది. కుర్చీలోంచి లేచి, "అయితే ఫిర్యాదు తీసుకోరన్నమాట," అన్నాను.

"తీసుకొనకపోవుటా! పక్షోత్సవాలలోనా!" కోదండపాణిగారు నా భుజం పట్టి కూర్చోబెట్టారు. "విశ్వపతిగారి పక్షాన స్వీకరిస్తున్నాను. అయితే ఒక్క నియమం. ఈ పక్షంలో వచ్చిన ఏ ఫిర్యాదైనను సర్వీసు హోల్డరు స్వయముగా, తన నోటితో, 'నాకు సంతృప్తి కలిగినది' అని చెప్పిన పిమ్మటే మూయబడును. మూయబడేవరకు యథాతథ స్థితి!"

యథాతథ స్థితి అన్న మాట నాకు చాలా గంభీరంగా వినిపించింది. ఇక భీమశంకరంగారి పని అయిపోయిందనుకుంటూ ఇంటికి వచ్చాను.

మర్నాడే కోదండపాణిగారు ఒక లైనుమనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. హైమ ఇచ్చిన కాఫీ తాగారు. ప్లగ్గునీ, పసుప్పచ్చ వైరునీ, వైరు పైకెక్కే కిటికీనీ ఫొటోలు తీయించారు. అప్పుడు లైనుమనిషి సంచిలోంచి తెల్ల పట్టీ, లక్క, ముద్ర తీశాడు. ప్లగ్గుతో సహా వైరు కొసని గోడకి అంటించి, పట్టీ చుట్టి, లక్క పోసి ముద్ర గుద్దాడు.

"ఏంటండీ ఇది?" అంది హైమ.

"యథాతథ స్థితి," అన్నారు కోదండపాణిగారు. "తగాదాలో ఉన్న వైరును ఉన్నచోటనే ఉంచుట. ఫిర్యాదు మూయబడేవరకు దీనిని ఎవరు కదిలించినను నేరం. మీరు కూడా, అమ్మా."

"మరి పైవాళ్లు వాడుకోకూడదని చెప్పండి."

"వారు ఇంతకు ముందు వాడుచుండిరి. వాడకుండుట యథాతథ స్థితికి భంగం."

హైమ నాకేసి తిరిగింది. నేను లక్క ముద్రకేసి తిరిగాను. ముద్ర బాగా పడింది, గుండ్రంగా.

ఈ ముద్రని చూడడానికి భీమశంకరంగారు స్వయంగా దిగివచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశారు. "గవర్నమెంటు సీలే!" అని మెచ్చుకున్నారు. అంతవరకు ఆయనకి మనసులో ఏదో మూల కొంచెం బెరుకు ఉండి ఉంటుంది. అది ఆ రోజుతో పోయింది. రాళ్ల మిషనుకి తోడు బట్టల మిషను వచ్చింది, స్నానాల గదిలో వేణ్ణీళ్ల గీజరు వచ్చింది, కరెంటు పొయ్యిలు వచ్చాయి. "వాడకపోతే యథాతథ స్థితికి భంగమట కదండీ మాస్టారూ," అని ఆయన మెట్ల మీంచి నాకు విచారంగా చెప్పేవారు. హైమ కోడి కూయకముందే లేచి, పైవాళ్లు లేచేలోగా పిండి రుబ్బుకునేది. పగలంతా కునికిపాట్లు పడేది. ఆమె కళ్ల కింద నలుపు చూసినప్పుడల్లా, ఆ చదువుకున్నవాళ్ల పద్ధతి గురించి నేను చెప్పిన మాటలు నాకే చేదుగా గుర్తొచ్చేవి.

పక్షోత్సవాలు ముగింపుకొచ్చాయి. కోదండపాణిగారు మళ్లీ వచ్చారు. ఈసారి కండువా లేదు. మొహం పీక్కుపోయి ఉంది. జిల్లా మొత్తం మీద మూతపడని ఫిర్యాదు మాదొక్కటే మిగిలిందట. అది మూతపడితే ఆయనకి మంత్రిగారి చేతిమీదుగా సంతృప్తి పతకం, మూతపడకపోతే అడవుల అవతల ఎక్కడికో బదిలీ.

"విశ్వపతిగారిని ఒక్కసారి చూడగలనా?" అని భీమశంకరంగారిని బతిమాలుతున్నట్టు అడిగారు.

భీమశంకరంగారు వేరే ధ్యాసలో ఉన్నారు. "నాన్నగారాండీ? ఎల్లుండి వస్తారు కదా. ఆబ్దికం," అన్నారు.

కోదండపాణిగారు కుర్చీ అంచుకి జరిగారు. "వస్తారా? స్వయముగా?"

"స్వయంగా అంటే..." భీమశంకరంగారు తడబడ్డారు. రారు అందామంటే, ఏటేటా పిలిచి తద్దినం పెట్టేది ఎవరికి? "వస్తారండీ. పిలుస్తాం, వస్తారు," అన్నారు.

"ఎన్ని గంటలకు?"

సందేహం తీర్చడానికి పురోహితుడు అవధానిగారిని పిలిపించారు. ఆయన ముక్కుపొడుం పీల్చి, శాస్త్రంలో అనుమానమే లేదన్నారు. పితృస్థానంలో భోక్తని, అంటే తద్దినం భోజనానికి పిలిచిన బ్రాహ్మణ్ణి, కూర్చోబెట్టి ఆవాహన చేశాక, లేచి ఆశీర్వదించేదాకా ఆ భోక్తే విశ్వపతిగారు. మధ్యాహ్నం దాటాక వస్తారు. భోజనమయ్యాక తృప్తి అయిందా అని అడగడం కూడా ఉంది.

"అడుగుటా!" కోదండపాణిగారు ఆనందంతో కుర్చీలోంచి లేచారు. "సంతృప్తి గురించి శాస్త్రంలోనే ఉన్నదా! మీ పూర్వులు ఎంత ముందుచూపు గలవారండీ! ఏమని చెబుతారు?"

"అయిందనే చెబుతారు. నా ఎరుకలో కాలేదన్న భోక్త లేడు," అన్నారు అవధానిగారు.

భీమశంకరంగారు కూడా సంతోషించారు. తండ్రిగారి తద్దినానికి ప్రభుత్వాధికారి రావడం ఆ వంశంలో ఇదే మొదలు.

ఆబ్దికం నాడు పొద్దు పొడవకముందే పైన మడివంట మొదలైంది. కరెంటు పొయ్యిలన్నీ ఎక్కించారు. హైమ ఎప్పటిలాగే లేచి గ్రైండరు తిప్పబోతే ఫ్యూజు పేలింది. నేను తీగ చుట్టాను. కాసేపటికి మళ్లీ పేలింది. "మాస్టారూ, త్వరగా! నాన్నగారొచ్చే వేళవుతోంది!" అని పైనుంచి భీమశంకరంగారు. మళ్లీ చుట్టాను. ఇలా మధ్యాహ్నమైంది. గ్రైండర్లో పప్పు నానినది నానినట్టే ఉంది. సాయంత్రం ఏసుపాదం బకెట్లకి వస్తాడు. ఆ బకెట్లు ఖాళీగా వెళ్తే మళ్లీ రావు.

అప్పుడే పైన భీమశంకరంగారి భార్య గారెల పప్పు తమ గ్రైండర్లో వేశారు. ఫ్యూజు మరోసారి పేలింది.

"ఈసారి నేను చూస్తాను, మీరుండండి," అంది హైమ.

కుర్చీ ఎక్కింది. తెల్ల పింగాణీ ఫ్యూజు ఊడబెరికింది. తీగ చుట్టలేదు. దాన్ని చీర కుచ్చిళ్ల పక్కన బొడ్లో దోపుకుని కుర్చీ దిగింది.

"హైమా! సీలు..."

"సీలు ప్లగ్గుకి వేశారు. దాన్ని నేను ముట్టుకోలేదే! ఫ్యూజు సంగతి ఎవరన్నా చెప్పారా?" అని గడపలో కూర్చుంది. అంత ప్రశాంతంగా ఆమెని చూసి చాలా రోజులైంది.

పైనుంచి భీమశంకరంగారు కేకలు వేశారు. నేను వినబడనట్టు నిలబడ్డాను. నా జీవితంలో నేను చేసిన తిరుగుబాటు అదొక్కటే. ఇంతలో ఆవాహనకి వేళ మించిపోతోందని అవధానిగారు తొందరపెట్టారు. మిగతా వంటంతా అయింది కదా, గారెలు లేకపోయినా భోక్తలు ఏమంటారులే అని భీమశంకరంగారు పీట మీద కూర్చున్నారు.

మేం మెట్ల మీదికెక్కి చూశాం. లోపల ఇద్దరు భోక్తలు. విశ్వేదేవుల స్థానంలో ఉన్నాయన కునుకుతున్నారు. పితృస్థానంలో కూర్చున్నాయన సోమయాజులుగారు, బక్కపల్చటి మనిషి, ఎర్రని ఎండలో నడిచి వచ్చారు. మడి కనక, లైనుమనిషితో సహా వచ్చిన కోదండపాణిగారిని లోపలికి రానివ్వలేదు. ఆయన గడప బయట కుర్చీ వేసుకుని, పొడుగాటి కర్ర చివర ఫోను కట్టి, సోమయాజులుగారి నోటి దాకా చాపి పట్టుకున్నారు.

"విశ్వపతిగారికి నమస్కారం," అన్నారు. "తమరు చెప్పునది సర్వం నమోదగుచున్నది. సత్యమే చెప్పవలెను. అసత్యమైనచో శిక్షార్హం."

సోమయాజులుగారు ఫోనుకేసి బెదురుగా చూసి తల ఊపారు. భోజనం మొదలైంది. మౌనంగా తిన్నారు. పప్పయింది, కూరలయ్యాయి, పచ్చళ్లయ్యాయి, పరమాన్నమైంది. విస్తట్లో ఒక పక్క గారెలకి వదిలిన చోటు ఖాళీగానే ఉంది. ఆయన చెయ్యి అటు వెళ్లి వెనక్కి వచ్చేది.

అవధానిగారు సంస్కృతంలో ప్రశ్న అందించారు. భీమశంకరంగారు దాన్ని పలకడానికి నోరు తెరిచారు.

"ఆగండి!" అన్నారు కోదండపాణిగారు గడప బయటనుంచి. "రికార్డు అధికార భాషలో ఉండవలెను. తెలుగులో అడగండి."

"మంత్రాన్ని తెలుగులోనా?" అన్నారు అవధానిగారు.

"ఆడిట్ వారు ఒప్పుకొనరు."

భీమశంకరంగారు గొంతు సవరించుకుని, తెలుగులో, మామూలుగా అడిగారు. "తృప్తి అయిందా అండీ?"

సోమయాజులుగారు ఎన్నో ఏళ్లుగా ఎందరి ఇళ్లలోనో ఆ ప్రశ్నకి జవాబు చెప్పారు. అది కంఠతా వచ్చిన సంస్కృతం, ఆలోచించకుండానే వచ్చేస్తుంది. తెలుగులో మాత్రం ఆయన్ని ఎవరూ ఎన్నడూ అడగలేదు. ఆయన ఒకసారి విస్తట్లో ఖాళీ చోటు చూశారు. ఒకసారి నోటి ముందు ఊగుతున్న ఫోను చూశారు.

"కాలేదండీ. గారెలు లేవు," అన్నారు.

కునుకుతున్న భోక్త లేచి కూర్చున్నారు. అవధానిగారి పొడుం డబ్బీ కింద పడింది. కోదండపాణిగారు కర్రతో సహా గడప దాకా దూసుకొచ్చారు. "సర్వీసు హోల్డరు అసంతృప్తి! నమోదైపోయినది! గారెలు ఎందుకు లేవు?"

"కరెంటు పోయిందండీ," అన్నారు భీమశంకరంగారు.

"కరెంటు ఎందుకు పోయినది?"

అందరూ మెట్ల మీదున్న హైమకేసి తిరిగారు. హైమ బొడ్లోంచి ఫ్యూజు తీసి చూపించి, మళ్లీ దోపుకుంది.

"అమ్మా, పెట్టమ్మా," అన్నారు కోదండపాణిగారు. ఆ గొంతులో కార్యాలయం లేదు, బదిలీ భయం ఒక్కటే ఉంది. "ఇవాళ ఐదు గంటలకు పక్షోత్సవాలు ముగిసిపోతాయి."

"ఆ వైరు తీయించెయ్యండి, పెడతాను."

"సీలు నేను తీయజాలను. సర్వీసు హోల్డరు నోటిమాటగా కోరినప్పుడు మాత్రమే..." అని మధ్యలోనే ఆగి, ఆయన కర్రని మళ్లీ సోమయాజులుగారి ముందుకి చాచారు.

విస్తరి ముందునుంచి లేవకూడదు కనక సోమయాజులుగారు ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకునే కూర్చుని ఉన్నారు. "ఏ వైరమ్మా?" అని హైమని అడిగారు. హైమ చెప్పింది. మా కప్పు సంగతి, పిండి పారబోసిన సంగతి, సాయంత్రం బకెట్ల సంగతి చెప్పింది.

"తీసెయ్యండి ఆ వైరు," అన్నారు సోమయాజులుగారు.

"అదేంటండీ!" భీమశంకరంగారు పీట మీంచి లేవబోయి, దర్భలు గుర్తొచ్చి కూర్చున్నారు. "ఇంకా బాల్కనీ పని ఉంది నాన్నగారూ!"

ఆయన నోటివెంట ఆ పిలుపు వచ్చేసరికి కోదండపాణిగారు ఫోనులో చూసుకుని, "గుర్తింపు కూడా నమోదైనది. కుమారుడే గుర్తించెను," అన్నారు తృప్తిగా.

తండ్రిగారికి బాల్కనీ కన్నా గారెలే ముఖ్యం. లైనుమనిషి లక్క పగలగొట్టి, పసుప్పచ్చ వైరు చుట్టి పైకి విసిరేశాడు. హైమ తీగ చుట్టి ఫ్యూజు పెట్టింది. మా ఇంట్లో కరెంటు వచ్చింది. పైన మాత్రం, వైరు లేదు కనక, గ్రైండరు తిరగలేదు. గారెల పప్పు సగం నలిగి అలాగే ఉంది. హైమ ఒక్క క్షణం నిలబడి ఆలోచించింది. స్నానం చేసి, తడిచీరతోనే పైకెళ్లి ఆ పప్పు అడిగి తెచ్చి, తన గ్రైండర్లో రుబ్బి గారెలు వేసింది. మడి సంగతి ఏమిటని అవధానిగారిని అడిగితే, కరెంటు విశ్వపతిగారిదే కనక దోషం లేదని తేల్చారు.

ఆ గారెలు ఎలా వచ్చాయో నేను చెప్పనక్కర్లేదు. సోమయాజులుగారు చాలాసేపు తిన్నారు. అడిగితే తృప్తి అయిందని తెలుగులో, గట్టిగా, రెండుసార్లు చెప్పారు. ఐదు కొట్టేలోగా ఫిర్యాదు మూతపడింది. కోదండపాణిగారు కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఆయన సంతోషంగా మెట్లు దిగి వస్తూ మా గుమ్మం ముందు ఆగిపోయారు. లోపల గ్రైండరు తిరుగుతోంది. హైమ బకెట్లు నింపుతోంది. ఏసుపాదం మోపెడు మీద ఎదురుచూస్తున్నాడు.

"ఇదేమిటి! పిండి అమ్మకమా?" కోదండపాణిగారి కనుబొమలు లేచాయి. "గృహ సర్వీసు మీద వాణిజ్య వినియోగం! తీవ్రమైన ఉల్లంఘన!"

ఆయన వెనకే దిగివచ్చిన భీమశంకరంగారు ముందుకొచ్చారు. ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పడానికే వచ్చారని ఆయన మొహంలో కనబడుతూనే ఉంది. "చూశారా మరి! నేనూ అదే అందామని..." అన్నారు.

"నోటీసు ఎవరికిస్తారండీ?" అని అడిగింది హైమ, చేతికంటిన పిండి తుడుచుకుంటూ.

"సర్వీసు హోల్డరు విశ్వపతిగారికి."

"ఆయన జవాబు చెప్పాలా?"

"స్వయముగా. నోటితో."

"ఆయన మళ్లీ వచ్చేది ఏడాదికండీ."

కోదండపాణిగారు ఆలోచించారు. పతకం వచ్చినట్టే కనక ఆయనకిప్పుడు తొందర లేదు. "అంతవరకు యథాతథ స్థితి," అని లైనుమనిషికి సైగ చేశారు.

లైనుమనిషి మళ్లీ పట్టీ తీశాడు, లక్క తీశాడు. హైమ గ్రైండరు ప్లగ్గుని గోడకి అంటించి ముద్ర గుద్దాడు. కోదండపాణిగారు ఉత్తర్వు చదివారు. "తగాదాలో ఉన్న ఈ గ్రైండరు ఈ ఇంటనే, ఈ స్థానముననే, వీరి చేతనే తిరుగుచుండవలెను. సర్వీసు హోల్డరు సమాధానం వచ్చి, వారి సంతృప్తి నమోదగువరకు దీనిని గాని, వీరిని గాని ఇచ్చటనుండి ఎవరు కదిలించినను, ఇంటి యజమానితో సహా, నేరం."

భీమశంకరంగారు ఇల్లు ఖాళీ చేయించే మాట అక్కడితో మానుకున్నారు. ముద్ర దగ్గరకొచ్చి కళ్లద్దాలు తుడుచుకుని చూశారు. ఈసారి మెచ్చుకోలేదు.

ఏసుపాదం బకెట్లు తగిలించుకుని వెళ్లిపోయాడు. తాంబూలం పుచ్చుకుని సోమయాజులుగారు దిగి వస్తుంటే హైమ ఎదురెళ్లి దణ్ణం పెట్టి, గిన్నెడు పిండి చేతికిచ్చింది. "రేపు అట్లు పోయించుకోండి బాబయ్యగారూ. వచ్చే ఏడు కూడా మీరే రావాలి."

"పిలిస్తే రానా అమ్మా!"

"అప్పుడు మళ్లీ తృప్తి అయిందా అని అడుగుతారండీ."

సోమయాజులుగారు గుమ్మంలోంచి లోపలికి చూశారు. గ్రైండరు చూశారు, దాని ప్లగ్గు మీద ఎర్రగా మెరుస్తున్న ముద్ర చూశారు, చేతిలో గిన్నె చూసుకున్నారు.

"అడగనీ అమ్మా," అన్నారు చెప్పులు వేసుకుంటూ. "ఎంత కడుపు నిండినా, తెలుగులో అడిగితే ఇంకొక్క గారె ఉంటే బాగుండుననే అనిపిస్తుంది."